నెట్ రాలేదా? ‘ఎవరు పాడుచేశారు’ అని కాదు, ‘ఎక్కడ పాడైంది’ అని అడగండి!



మీ బడి కంప్యూటరు గదిలో ఒక కంప్యూటరుకు ఇంటర్నెట్ రావడం లేదనుకోండి. మొట్టమొదట వినిపించే ప్రశ్న ఏమిటి? “దీని దగ్గర చివర ఎవరు కూర్చున్నారు?” అన్నదే కదా! ఆ ప్రశ్న అడిగేది సాధారణంగా నాలాంటి ఉపాధ్యాయుడే. తలవంచుకుని నిలబడేది మీలాంటి విద్యార్థే.

ఆ ప్రశ్న తప్పని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. తప్పు ప్రశ్న అడిగితే తప్పు జవాబే వస్తుంది. ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వల్ల తెలిసింది. ఆ కథ ముందు చెబుతాను. అందులో దోషి ఎవరో చివర మీకే తెలుస్తుంది.

మా బడిలో పది కంప్యూటర్లున్నాయి. అన్నీ పాతవే. వాటిలో ఉబుంటు అనే లినక్స్ పనిచేస్తుంది. లినక్స్ అంటే మీకు తెలుసు కదా? ఫిన్లాండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టిన వ్యవస్థ అది. డబ్బు పెట్టి కొననక్కర లేదు. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడవచ్చు. పాత కంప్యూటర్లతో సరిపెట్టుకునే మాలాంటి బడులకు అది బాగా పనికొస్తుంది.

ఒక వేసవి సెలవుల్లో మా బడికి కొత్త రౌటరు పెట్టారు. జూన్‌లో బడి తెరిచాక మొదటి కంప్యూటరు పీరియడులో తొమ్మిది కంప్యూటర్లు చక్కగా పనిచేశాయి. నాలుగో నంబరుకు మాత్రం నెట్ రాలేదు. దాని దగ్గర కూర్చున్నది ఆ అమ్మాయి.

“ఏం నొక్కావమ్మా?” అన్నాను.

“ఏమీ నొక్కలేదు సార్.”

“ఏమీ నొక్కకుండానే పాడైందా?”

ఆ అమ్మాయి మాట్లాడలేదు. తరగతిలో అందరూ ఆమె వైపే చూశారు. నేను ఆమెను వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టి నోట్సు రాసుకోమన్నాను. అలా రెండు వారాలు గడిచాయి. కంప్యూటరు బాగుచేసే మనిషిని పిలిస్తే వచ్చి చూసి, “మొత్తం తుడిచేసి మళ్లీ వేయాలి మాస్టారూ” అన్నాడు. తుడిచేస్తే పిల్లలు చేసుకున్న ప్రాజెక్టు ఫైళ్లన్నీ పోతాయి. ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే ఆ అమ్మాయే నా దగ్గరికి వచ్చింది.

“సార్, తుడిచే ముందు ఒక్కసారి నన్ను చూడనివ్వండి. టార్చిలైటు పాఠంలో మీరు చెప్పినట్టే చూస్తాను” అంది.

టార్చిలైటు పాఠం

ఆ పాఠం మీరూ చదివే ఉంటారు. టార్చిలైటు వెలగలేదు. కారణం ఏమై ఉంటుంది? బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. బల్బు మాడిపోయి ఉండవచ్చు. స్విచ్చి పాడై ఉండవచ్చు. తీగ తెగి ఉండవచ్చు. అప్పుడు మనం ఏం చేస్తాం? నాలుగూ ఒకేసారి మార్చేస్తే టార్చి వెలుగుతుంది, నిజమే. కాని ఏది పాడైందో ఎప్పటికీ తెలియదు. పైగా మంచి బల్బును కూడా పారేస్తాం. అందుకని వెలిగే మరో టార్చిని పక్కన పెట్టుకుంటాం. దాని బ్యాటరీ ఇందులో వేసి చూస్తాం. తర్వాత బల్బు. ఒకసారికి ఒక్కటే మారుస్తాం. మార్చిన ప్రతిసారీ ఫలితం రాసుకుంటాం.

కంప్యూటరు నెట్‌వర్కు కూడా టార్చిలాంటి గొలుసే. గొలుసులో ఒక్క లంకె తెగినా తెర మీద ఒకటే మాట కనిపిస్తుంది: నెట్ లేదు. కాని లంకెలు చాలా ఉన్నాయి. వాటిని వరుసగా చూస్తూ పోతే లోపం దానంతట అదే బయటపడుతుంది. ఆ అమ్మాయి నోటుపుస్తకం తెరిచి ఆరు మెట్లు గీసుకుంది. వాటిని మీరూ రాసుకోండి.

మొదటి మెట్టు: తీగ

నెట్‌వర్కు తీగ గుచ్చిన చోట ఒక చిన్న దీపం ఉంటుంది. అది వెలుగుతోందా? వెలగకపోతే పై మెట్ల గురించి ఆలోచించడం అనవసరం. ఆ తీగను పక్క కంప్యూటరుకు మార్చి చూడాలి. తీగతో పాటు లోపమూ పక్కకు పోతే దోషం తీగది. లోపం ఇక్కడే ఉండిపోతే తీగ నిర్దోషి.

మరో ముచ్చట చెబుతాను. ఆ తీగలోపల ఎనిమిది సన్నని రాగి తీగలుంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి వాటిలో నాలుగు చాలు. 1000 మెగాబిట్ల వేగానికి ఎనిమిదీ కావాలి. అందువల్ల ఒక తీగ తెగినప్పుడు నెట్ పూర్తిగా పోకుండా, వేగం మాత్రం తగ్గిపోవచ్చు. “పనిచేస్తోంది కదా, తీగ బాగానే ఉంది” అనుకుంటే పొరపడతాం.

వైఫై అయితే తీగకు బదులు రేడియో తరంగాలు. అక్కడ మొదట చూడవలసింది వైఫైని ఆపేసే మీట ఏదైనా పొరపాటున నొక్కారా అన్నది. ల్యాప్‌టాపుల్లో ఇది తరచుగా జరుగుతుంది.

మా నాలుగో నంబరుకు దీపం వెలుగుతూనే ఉంది. అయినా ఆ అమ్మాయి తీగ మార్చి చూసింది. లోపం నాలుగో నంబరులోనే ఉండిపోయింది. నోటుపుస్తకంలో “తీగ బాగుంది” అని రాసుకుంది.

రెండో మెట్టు: చిరునామా

నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకూ ఇంటినంబరులాంటి అంకెల చిరునామా ఉండాలి. సాధారణంగా దాన్ని రౌటరే అడిగిన వెంటనే ఇస్తుంది. లినక్స్‌లో టెర్మినల్ అనే కిటికీ తెరిచి, ఇంగ్లీషులో ఐపి, అడ్రెస్ అనే రెండు మాటలు మధ్యలో ఖాళీ విడిచి టైపు చేస్తే ఆ చిరునామా కనిపిస్తుంది. బళ్లలో, ఇళ్లలో అది తరచు 192.168 అంకెలతో మొదలవుతుంది. ఈ అంకెల వరుసను ఇలా లోపలి వాడకానికని విడిగా కేటాయించారు. అందుకే మీ ఇంట్లోనూ మా బడిలోనూ ఒకే చిరునామా ఉన్నా గొడవ రాదు. మీ ఊళ్లో ఒక వీధిలో 4వ నంబరు ఇల్లు, మా ఊళ్లో ఒక వీధిలో 4వ నంబరు ఇల్లు ఉన్నట్టన్నమాట.

చిరునామా అసలు కనిపించకపోతే రౌటరు ఇవ్వలేదన్నమాట, లేదా మన కంప్యూటరు అడగలేదన్నమాట. లోపం ఆ రెండింటి మధ్యే వెతకాలి.

నాలుగో నంబరుకు చిరునామా వచ్చింది: 192.168.1.24. పక్కనున్న ఐదో నంబరుది 192.168.1.25. రెండూ ఒకే వీధిలోని ఇళ్లే. ఇక్కడా లోపం లేదు.

మూడో మెట్టు: గుమ్మం

వీధిలోంచి ఊళ్లోకి పోవాలంటే దారి తెలియాలి కదా? ఆ దారి రౌటరు. ఐపి, రూట్ అని టైపు చేస్తే బయటికి పోయే దారి ఏ చిరునామా గుండా ఉందో కంప్యూటరు చెబుతుంది. మా కొత్త రౌటరుది 192.168.1.1. అదే కనిపించింది. కాని దారి తెలిసినంత మాత్రాన ఆ దారి తెరిచి ఉన్నట్టు కాదు. పిలిచి చూడాలి. పిలవడానికి ఉన్న పరికరం పేరు పింగ్.

పింగ్ కథ మీకు నచ్చుతుంది. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో నెట్‌వర్కు ఒకటి వింతగా ప్రవర్తిస్తుంటే కారణం కనుక్కోవడానికి ఆ చిన్న ప్రోగ్రామును రాశాడు. జలాంతర్గాములను కనిపెట్టే సోనారు గురించి మీరు ధ్వని పాఠంలో చదివారు. శబ్దం పంపి, ప్రతిధ్వని తిరిగి వచ్చేందుకు పట్టిన కాలాన్నిబట్టి దూరం తెలుసుకుంటారు. ఆ సోనారు చేసే చప్పుడే పింగ్. మూస్ తన ప్రోగ్రాముకు ఆ పేరే పెట్టాడు. అదీ అలాగే ఒక చిన్న సందేశం పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకండ్లలో వచ్చిందో చెబుతుంది.

ఒక కార్యాలయంలో నెట్‌వర్కు ఉండి ఉండి పోతూ ఉండేదట. అక్కడి ఇంజనీరు పింగ్‌కు జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటరు “పింగ్” అని బిగ్గరగా అరిచే ఏర్పాటు చేసి, స్పీకరు చప్పుడు పెంచి, భవనమంతా తిరుగుతూ ఒక్కొక్క తీగ కొసనూ కదిలించి చూశాడు. ఒకచోట కదిలించగానే అరుపు ఆగిపోయింది. వదులైన కొస అదే! ఈ సంగతి మూస్ స్వయంగా ముచ్చటగా చెప్పుకున్నాడు. చూశారా, గొప్ప పరికరాలేవీ లేకుండా చెవులతోనే లోపం పట్టుకున్నాడు.

అయితే ఒక జాగ్రత్త. పింగ్‌కు జవాబు వస్తే దారి ఉన్నట్టే. జవాబు రాకపోతే మాత్రం దారి లేదని వెంటనే తీర్మానించకూడదు. కొన్ని యంత్రాలను పింగ్‌కు బదులు పలకవద్దని కావాలనే అమర్చి ఉంచుతారు. తలుపు తట్టితే పలకనంత మాత్రాన ఇంట్లో ఎవరూ లేరని చెప్పగలమా?

మా రౌటరు పలికింది. నాలుగో మెట్టు: ఊరి బయట ఉన్నవారిని అంకెలతోనే పిలవడం. 8.8.8.8 అనేది గూగుల్ సంస్థ అందరికోసం నడిపే ఒక కంప్యూటరు సేవ చిరునామా. గుర్తుంచుకోవడం తేలిక కనుక పరీక్షకు చాలామంది దాన్నే వాడతారు. ఆ అమ్మాయి దాన్ని పిలిచింది. అదీ పలికింది!

ఆగి ఆలోచించండి. తెర మీద “నెట్ లేదు” అని ఉంది. కాని ఎక్కడో దూరానున్న కంప్యూటరు మనకు జవాబిస్తోంది. అంటే నెట్ ఉంది! తీగ, చిరునామా, రౌటరు, బయటి లైను అన్నీ బాగున్నాయి. లోపం మిగిలిన రెండు మెట్లలోనే ఉండాలి. నెట్ లేదన్న మాటను నమ్మి రెండు వారాలు ఊరుకున్న నేను అప్పుడే సిగ్గుపడవలసింది.

ఐదో మెట్టు: పేర్ల పుస్తకం

మనం కంప్యూటర్లను అంకెలతో పిలవం, పేర్లతో పిలుస్తాం. నెట్‌వర్కు మాత్రం అంకెలనే ఎరుగును. కాబట్టి పేరు చెబితే అంకె చెప్పేవారు ఒకరుండాలి. ఇంటర్నెట్‌కు ముందు వచ్చిన ఆర్పానెట్ రోజుల్లో అన్ని కంప్యూటర్ల పేర్లూ ఒకే ఒక ఫైలులో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఆ జాబితాను చూసుకునేవారు. మిగతావాళ్లంతా దాన్ని నకలు తీసుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ ఒక్క జాబితాను నిర్వహించడం కష్టమైపోయింది. 1983లో పాల్ మాకపెట్రిస్ అనే శాస్త్రవేత్త కొత్త పద్ధతి రూపొందించాడు. ఒకేచోట పెద్ద పుస్తకం పెట్టుకోకుండా, ఎవరి భాగాన్ని వారు చూసుకుంటూ, తెలియనిదాన్ని తెలిసినవారిని అడిగే పద్ధతి అది. దాని పేరు డీఎన్ఎస్. ఇవాళ మీరు ఏ పేజీ తెరిచినా ముందుగా జరిగేది ఆ విచారణే.

అంటే ప్రతి కంప్యూటరుకూ “పేరు తెలియకపోతే ఎవరిని అడగాలి?” అన్నది తెలిసి ఉండాలి. ఆ అమ్మాయి ఒక పేరుతో పింగ్ చేసింది. పేరును అంకెగా మార్చలేకపోయానని కంప్యూటరు జవాబిచ్చింది. అదే పేరును ఐదో నంబరులో పిలిస్తే చక్కగా పలికింది. ఇక వెతకవలసిన చోటు అరచేయంత!

ఆరో మెట్టు బ్రౌజరు. దాని అవసరం మాకు రాలేదు. కాని మీకు రావచ్చు కనుక ఒక్క మాట. పేరు కూడా పలుకుతున్నా పేజీలు తెరుచుకోక, “ఈ చోటు భద్రం కాదు” అని బ్రౌజరు మొరాయిస్తే, కంప్యూటరులోని తేదీ చూడండి. పాత కంప్యూటర్లలో గడియారానికి శక్తినిచ్చే నాణెంలాంటి బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల తరబడి వెనక్కి పోవచ్చు. వెబ్‌పేజీల గుర్తింపు పత్రాలకు మొదలు తేదీ, ఆఖరు తేదీ ఉంటాయి. తేదీ తప్పితే మంచి పత్రం కూడా చెల్లనిదిగా కనిపిస్తుంది. దానికీ నెట్‌కూ ఏ సంబంధమూ లేదు.

“సార్, ఈ సున్నా ఎవరిది?”

లినక్స్‌లో పేర్లు ఎవరిని అడగాలో రాసి ఉండే చిన్న ఫైలు ఒకటుంది. దాని పేరు రిజాల్వ్ కాన్ఫ్. ఆ అమ్మాయి దాన్ని రెండు కంప్యూటర్లలోనూ తెరిచి పక్కపక్కన పెట్టింది. ఏమీ మార్చలేదు, చూసింది, అంతే.

ఐదో నంబరులో 127.0.0.53 అని ఉంది. 127తో మొదలయ్యే చిరునామా ఆ కంప్యూటరుకు తానే. అంటే “నాలోనే ఉన్న ఒక చిన్న ప్రోగ్రామును అడుగు” అని అర్థం. ఆ ప్రోగ్రాము రౌటరు చెప్పిన చోట అడిగి తెస్తుంది. రౌటరు మారితే అదీ దానంతట అదే మారుతుంది. ఉబుంటులో ఈ మధ్య కాలంలో మామూలుగా ఉండే ఏర్పాటు ఇదే.

నాలుగో నంబరులో 192.168.0.1 అని ఉంది.

“సార్, మన రౌటరు 192.168.1.1 కదా? మరి ఇక్కడ ఒకటికి బదులు సున్నా ఉందేమిటి? ఈ సున్నా ఎవరిది?” అంది.

నాకు గొంతులో తడి ఆరిపోయింది. ఆ సున్నా నాదే! పాత రౌటరు చిరునామా 192.168.0.1. రెండేళ్ల కిందట ఒకనాడు నెట్ రాకపోతే, ఎక్కడో చూసిన చిట్కా నకలు చేసి, సహజంగా ఉన్న ఏర్పాటును తీసేసి, ఆ చిరునామాను నేనే నా చేత్తో రాశాను. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. పాత రౌటరు ఉన్నన్నాళ్లూ అది పనిచేసింది. కొత్త రౌటరు రాగానే నాలుగో నంబరు లేనివాణ్ణి పేర్లడుగుతూ కూర్చుంది.

నా ఫైలును చెరపకుండా పేరు మార్చి పక్కన పెట్టాం. ఐదో నంబరులో ఉన్నట్టే పాత లంకెను తిరిగి పెట్టాం. ఇంకేదీ ముట్టుకోలేదు. మళ్లీ పేరుతో పింగ్ చేస్తే జవాబు వచ్చింది. అంతా కలిపి నలభై నిమిషాలు, అంటే ఒక పీరియడు పట్టింది. ఆ ఒక్క పీరియడు కోసం ఒక విద్యార్థిని రెండు వారాలు నింద మోసింది. మర్నాడు తరగతిలో అందరి ముందూ “తప్పు నాది, ఈ అమ్మాయిది కాదు” అని చెప్పాను. చెప్పడం కష్టమే అయింది. కాని నిందించింది అందరి ముందే కనుక ఒప్పుకోవలసింది కూడా అందరి ముందే.

తాయెత్తు వైద్యం

ఇందులో నాకు ఇంకా పెద్ద పాఠం ఉంది. రెండేళ్ల కిందట నా చిట్కా పనిచేసిందని నమ్మాను కదా? నిజంగా పనిచేసిందా? జ్ఞాపకం చేసుకుంటే ఆ రోజు పది కంప్యూటర్లకూ నెట్ లేదు. నేను చిట్కా ప్రయోగించింది నాలుగో నంబరు ఒక్కదానికే. కాసేపటికి పదింటికీ నెట్ వచ్చింది. మిగిలిన తొమ్మిదింటికి నేను ఏ మందూ వేయలేదు. మరి అవెలా బాగయ్యాయి? లోపం బయట ఎక్కడో ఉంది, అక్కడే బాగైంది. నేను మాత్రం నా చిట్కా వల్లే అనుకుని గర్వపడ్డాను.

తాయెత్తు కట్టాక జ్వరం తగ్గింది కనుక తాయెత్తే తగ్గించిందని నమ్మేవారిని చూసి తరగతిలో ఎన్నోసార్లు విమర్శించాను. నేను చేసింది అదే కాదా? జ్వరం చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది. తాయెత్తు కట్టని తొమ్మిదిమందికీ తగ్గిందేమో చూడాలి. దాన్నే ప్రయోగంలో పోలిక అంటాం. సైన్సు అంటే పరీక్షనాళికలు, కుప్పెలు మాత్రమే కాదు. పోల్చి చూడటమే సైన్సు. ఎదురుగా కంప్యూటరు ఉన్నంత మాత్రాన మన ఆలోచన శాస్త్రీయమైపోదు.

నా తాయెత్తు ఊరికే పోలేదు కూడా. రెండేళ్ల తర్వాత వేరొకరి మెడకు చుట్టుకుంది. అందుకే చెబుతున్నాను: అర్థం తెలియని ఆజ్ఞను, ముఖ్యంగా సుడో అనే మాటతో మొదలయ్యేదాన్ని, ఎక్కడో చూసి గుడ్డిగా టైపు చేయకండి. ఆ మాట కంప్యూటరుకు పూర్తి అధికారం మీ చేతికిమ్మని చెబుతుంది. అధికారం చేతికొచ్చినప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి.

కొందరు అనే మాటలు

“ఇదంతా దేనికి? ఆపి మళ్లీ వేస్తే సరిపోతుంది కదా!” అని కొందరంటారు. కొన్నిసార్లు సరిపోతుంది, కాదనను. తొందర పని ఉన్నప్పుడు నేనూ ఆ పనే చేస్తాను. కాని ఆపి వేయడంతో సాక్ష్యం చెరిగిపోతుంది. రేపు అదే లోపం మళ్లీ వస్తే ఇవాళ ఎక్కడున్నారో అక్కడే ఉంటారు. ఇక మొత్తం తుడిచి మళ్లీ వేయడం ఎలాంటిదంటే, ఇంట్లో ఒక దీపం వెలగలేదని ఇల్లే పడగొట్టి కట్టుకోవడంలాంటిది. మా నాలుగో నంబరును తుడిచేసి ఉంటే నెట్ తప్పకుండా వచ్చేది. పిల్లల ప్రాజెక్టులు పోయేవి. తప్పు ఆ అమ్మాయిదేనన్న మాట మాత్రం ఎప్పటికీ చెరిగేది కాదు.

“పిల్లల చేతికిస్తే పాడుచేస్తారు” అని మరికొందరంటారు. ఇది నా తోటి ఉపాధ్యాయులు అనే మాట. ఇన్నాళ్లూ నేనూ అన్నాను. కాని చూడటం వేరు, మార్చడం వేరు. పైన చెప్పిన మెట్లన్నింటిలోనూ ఆ అమ్మాయి ఒక తీగ తప్ప దేన్నీ మార్చలేదు. చిరునామా చూసినందువల్ల, పింగ్ చేసినందువల్ల ఏ కంప్యూటరూ పాడవదు. ఇంకో సౌకర్యమూ ఉంది. ఉబుంటును పెన్‌డ్రైవు మీద పెట్టుకుని, కంప్యూటరులోని డిస్కును ముట్టుకోకుండానే దాంతో నడపవచ్చు. అప్పుడు నెట్ వస్తే తీగ, కార్డు, రౌటరు అన్నీ బాగున్నట్టే. లోపం డిస్కులోని అమరికలది. టార్చికి మంచి బ్యాటరీ వేసి చూడటమంటే ఇదే.

ప్రయోగశాలలో కుప్పె పగులుతుందని రసాయనశాస్త్రం ప్రయోగాలు మానేస్తున్నామా? పగలకుండా పట్టుకోవడం నేర్పుతున్నాం. కంప్యూటరు దగ్గర మాత్రం ముట్టుకోవద్దని చెప్పి, బొమ్మలు చూపించి, పాఠం అయిపోయిందంటున్నాం. ఇది న్యాయం కాదు.

మీరు చేయవలసింది

నా అభిప్రాయం ఇది. ప్రతి బడిలో నెలకు ఒక పీరియడును లోపాలు వెతకడానికి కేటాయించాలి. ఉపాధ్యాయుడే ఒక కంప్యూటరులో తీగ వదులు చేసో, వైఫై ఆపేసో, పేర్లడిగే చోటు తప్పు రాసో ఉంచాలి. పిల్లలు జట్లుగా కూర్చుని దాన్ని కనిపెట్టాలి. త్వరగా బాగుచేసిన జట్టుకు కాదు, కారణాన్ని రుజువుతో చెప్పిన జట్టుకు మార్కులు వేయాలి. దీనికి కొత్తగా ఏమీ కొననక్కర లేదు. పాత కంప్యూటరు ఒకటి, నోటుపుస్తకం ఒకటి చాలు.

మీ మాస్టారిని ఈ పీరియడు అడగండి. అంతవరకు ఈ నియమాలు పాటించండి. మీది కాని కంప్యూటరును అనుమతి లేకుండా ముట్టుకోకండి. మార్చేముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చినా ఫలితం లేకపోతే తిరిగి యథాస్థితికి తెచ్చాకే మరొకటి ముట్టుకోండి. పనిచేసే మరో కంప్యూటరుతో ఎప్పుడూ పోల్చండి. చివరిగా, ఏం మార్చారో, ఎందుకు మార్చారో, ఏ తేదీన మార్చారో రాసి పెట్టండి. ఆ చివరి నియమం నేను పాటించి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పనే ఉండేది కాదు.

ఇప్పుడు మా కంప్యూటరు గదిలో మేకుకు ఒక నోటుపుస్తకం వేలాడుతూ ఉంటుంది. మొదటి పేజీలో ఆ అమ్మాయి దస్తూరితో ఇలా ఉంది: “నాలుగో నంబరు. లోపం: పాత రౌటరు చిరునామా. రాసినవారు: సైన్సు మాస్టారు.” దాన్ని చింపేయమని నేను అడగలేదు. పిల్లలు అప్పుడప్పుడు ఆ పేజీ తిప్పి నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. కాని ఆ తర్వాత ఏ కంప్యూటరు ఆగినా మా గదిలో “ఎవరు?” అని ఎవరూ అడగడం లేదు. “ఏ మెట్టు దగ్గర?” అని అడుగుతున్నారు.

మీరూ ఈ రోజే మొదలుపెట్టండి. అనుమతి తీసుకుని, బాగా పనిచేస్తున్న కంప్యూటరు ముందు కూర్చుని దాని చిరునామా, రౌటరు చిరునామా, పేర్లు ఎవరిని అడుగుతుందో మూడూ రాసి పెట్టుకోండి. బాగున్నప్పుడు ఎలా ఉందో తెలిసినవారికే పాడైనప్పుడు ఏం మారిందో తెలుస్తుంది.